మూత ఫోను, పుల్ల ఫోను, మధ్యలో గోడ

కంపెనీల మధ్య పోటీ అంత మంచిది మరొకటి లేదని నా గట్టి నమ్మకం. పోటీ దేశానికి మేలు, వ్యాపారానికి మేలు, ఒంటికి మేలు. అన్నిటికన్నా ముఖ్యంగా నోటికి మేలు. ఎలా అంటారా? పోటీ పుణ్యమా అని నేను కొన్ని నెలల పాటు నోరు మూసుకుని బతికాను. అంత విశ్రాంతి నా నోటికి పెళ్లయ్యాక కూడా దొరకలేదు!

నా పేరు రామబ్రహ్మం. సొంతూరు పెద్దాపురం. మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఆ గుండ్రటి మేడలో ఉద్యోగం. హైటెక్ సిటీలో పని అనగానే మా బంధువులు నాకు కుర్చీ వేస్తున్నారు. ఏం పని అని అడిగితే మాత్రం నేను మాట మారుస్తాను. ఎందుకంటే నా పని మీటలు నొక్కడం.

కంపెనీ తయారుచేసే ఫోను మీటల్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నొక్కుతూనే ఉండాలి. ఎక్కడో ఒకచోట అది బిగుసుకుపోతుంది. అప్పుడు పైవాళ్ల దగ్గరికి వెళ్లి "బిగుసుకుపోయిందండీ" అని చెప్పాలి. దీన్ని టెస్ట్ ఇంజినీర్ అంటారు. ఇందుకోసం నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, అమీర్‌పేటలో ఇంకో కోర్సు కూడా చేశాను.

మామూలు సెల్‌ఫోను అనుకునేరు, కాదు. ఇది ఫోనూ అవుతుంది, కంప్యూటరూ అవుతుంది. ఇందులో గడియారం, క్యాలెండర్, క్యాలిక్యులేటర్, డైరీ, ఉత్తరాలు రాసుకునే చోటు అన్నీ ఉన్నాయి. చొక్కా జేబులో వేసుకుంటే జేబు బొడ్డు దాకా దిగుతుంది. మోగితే ఎత్తిన పాపానికి ఎత్తినవాడికీ ఛార్జీ పడుతుంది కాబట్టి తెలివైనవాళ్లు మోగగానే కట్ చేసి ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తుతారు. ఇంతటి సౌకర్యం మన తాతలు ఎరుగుదురా?

ఇలాంటి ఫోన్లు తయారుచేసే కంపెనీలు మా మేడలో రెండున్నాయి. అసలు పేర్లు చెబితే లాయరు నోటీసు వస్తుంది. మా ఫోను కళ్లజోడు పెట్టెలా మూత తెరుచుకుంటుంది గనక మాది మూత కంపెనీ అందాం. రెండోవాళ్ల ఫోనుకు మీటలే ఉండవు, ఒక ప్లాస్టిక్ పుల్లతో అద్దం మీద పొడవాలి. అది పుల్ల కంపెనీ. మాది మూడో అంతస్తు, వాళ్లది నాలుగు. లిఫ్టు మాత్రం ఒకటే.

రేపటి ప్రపంచం మూతదా, పుల్లదా? ఈ ప్రశ్న మీద అమెరికాలోనూ యూరప్‌లోనూ మేధావులు బుర్రలు బద్దలు కొట్టుకుంటున్న రోజుల్లో మేం క్యాంటీన్‌లో తేల్చుకుంటున్నాం. మేం ఇడ్లీ పెడితే వాళ్లు దోశ పెట్టారు. మేం పెసరట్టు ఉప్మా పెట్టాం. వాళ్లు ఉద్యోగులకు టోపీలు పంచితే మేం గొడుగులు పంచాం. పోటీ చెడ్డదని ఎవరండీ అన్నది?

ఇక నా ఇంటి సంగతి. కొత్తగూడలో మేం అద్దెకుండే ఇంట్లో రెండు వాటాలున్నాయి. ఒకదాంట్లో నేను, మా ఆవిడ నాగేశ్వరి. రెండోదాంట్లో మధుసూదన్ అనే బ్రహ్మచారి. గుత్తి దగ్గరి కుర్రాడు. వంట రాదు, మాటలు మాత్రం బాగా వచ్చు. ఉద్యోగం ఎక్కడనుకున్నారు? పుల్ల కంపెనీలో. నేను రోజంతా నొక్కుతానా, అతను రోజంతా పొడుస్తాడు. ఆలోచనలో పడితే ఆ పుల్ల చివర కొరకడం అతనికి అలవాటు.

మా రెండు వాటాలకూ మధ్య ఒకే గోడ. ఆదివారం పొద్దున టీ కాగగానే మా ఆవిడ స్టీలు గ్లాసుతో ఆ గోడ మీద టకటకా కొట్టేది. అటునుంచి అతనూ గ్లాసుతో టకటకా కొట్టి, అదే గ్లాసు పట్టుకుని వచ్చేవాడు. వచ్చాక మధ్యాహ్నం దాకా కబుర్లే. మిగతా రోజుల్లో నా స్కూటరు మీద ఇద్దరం ఆఫీసుకు వెళ్లేవాళ్లం. కొత్తగూడలో మొదలుపెట్టిన మాట మాదాపూర్ చేరినా తెగేది కాదు. లిఫ్టులో మూడో అంతస్తు వచ్చాక కూడా నేను తలుపుకు కాలు అడ్డం పెట్టి మిగతాది వినేవాణ్ణి.

ఒక సాయంత్రం డాబా మీద మా ఫోన్లు రెండూ పక్కపక్కన పెట్టాం. రెండిటికీ పై అంచున ముక్కులా చిన్న ఎర్ర అద్దం ఉంటుంది. రెండు ఫోన్లను ముక్కుకు ముక్కు చూపిస్తే ఒకదాని నుంచి ఒకదానికి పేరూ నంబరూ వాటంతటవే వెళ్లిపోవాలి. ఎంత దగ్గరగా పెట్టినా రెండూ ఒకటే మాట చూపించాయి: ఎదుట ఎవరూ లేరు.

"చూడన్నా, మూతీ మూతీ ఆనించినా ఎవురూ లేరంటాండాయి. కంపెనీల పొగరు వీటికీ పట్టిండాది" అన్నాడు మధుసూదన్.

"పోనీ నీ నంబరు చెప్పు, నొక్కుకుంటాను."

"మనకు నంబరెందుకన్నా, గోడుండాది గదా."

నిజమే అనిపించింది. ఇద్దరం ఫోన్లు జేబుల్లో వేసుకుని మళ్లీ కబుర్లలో పడ్డాం.

ఇలా నేను నా విలువైన కాలాన్ని స్నేహానికి తగలేస్తున్న రోజుల్లో మా మేనేజరు వెంకట్ గారు మీటింగు పెట్టారు. మన రహస్యాలు నాలుగో అంతస్తుకు పోతున్నాయి అన్నారు. మనం ఇడ్లీ పెట్టిన మర్నాడే వాళ్లు దోశ ఎలా పెట్టారు, ఎవరు చెప్పారు అని అడిగారు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను నా బూట్లు చూసుకున్నాను. ఇడ్లీ సంగతి చెప్పింది నేనే, స్కూటరు మీద.

"పుల్ల కంపెనీ వాళ్లతో జాగ్రత్తగా ఉండండి. యూజ్ యువర్ జడ్జ్‌మెంట్" అన్నారు వెంకట్ గారు.

"ఒకే స్కూటరు మీద వెళ్లాల్సి వస్తేనండీ?" అని అడిగాను.

"స్కూటరు మీ ఇష్టమండీ రామబ్రహ్మం గారూ. మాటలే జాగ్రత్త."

మా నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా, మా తాతగారూ అంతే. పై అధికారి జాగ్రత్త అంటే మా వంశంలో దానికి అర్థం ఒక్కటే, ఆ పని పూర్తిగా మానెయ్యడం. సొంత బుర్ర ఉపయోగించమంటే ఇంకా భయం. అందుచేత ఆ సాయంత్రమే మధుసూదన్‌కు మా కంపెనీ నియమం వివరించాను. అతను నవ్వాడు. నేను నవ్వలేదు. కాసేపటికి అతనూ ఆపేశాడు.

అయితే ఏది రహస్యం, ఏది కాదు? నేను శాస్త్రీయంగా ఆలోచించాను. మా ఫోనులో గడియారం ఉంది కాబట్టి టైమెంతో చెప్పకూడదు. క్యాలెండర్ ఉంది కాబట్టి పండగ ఎప్పుడో చెప్పకూడదు. క్యాలిక్యులేటర్ ఉంది కాబట్టి వంకాయల ధర నోటెంట రాకూడదు. డైరీ ఉంది కాబట్టి నిన్న ఏం చేశామో, రేపు ఏం చేస్తామో అసలే చెప్పకూడదు. అన్నీ తీసేశాక చూస్తే మిగిలింది దగ్గు ఒక్కటే.

మర్నాటి నుంచి ఇద్దరం ఒకే స్కూటరు మీద, ఒకరి వీపుకు ఒకరి మొహం పెట్టుకుని, నోరు విప్పకుండా వెళ్లడం మొదలుపెట్టాం. లాభాలు చెప్పమంటారా? అంతకుముందు మాటల్లో పడి గుంతలు చూసేవాణ్ణి కాదు. ఇప్పుడు ప్రతి గుంతనూ పూర్తి ఏకాగ్రతతో చూసి అందులో పడేవాణ్ణి. ఆదివారం టీ కూడా ఆదా. గోడ కూడా సమాచార మార్గమే కాబట్టి మా ఆవిడ చేతిలోంచి గ్లాసు లాక్కున్నాను.

"మీకేమైనా పిచ్చా?" అంది ఆవిడ. పోటీ గురించి ఆడవాళ్లకేం తెలుస్తుంది అనుకున్నాను. పైకి అనలేదు, ఆ మాత్రం జడ్జ్‌మెంట్ నాకూ ఉంది.

కొన్ని నెలలకు ఒక పొద్దున కొత్తగూడ చౌరస్తా దాటుతుండగా వెనకనుంచి గొంతు వినిపించింది. చాలా రోజులకు విన్నానేమో, పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది.

"అన్నా, నీకొక మాట చెప్పల్ల."

"వద్దు మధూ. నువ్వు చెబితే నేను విన్నట్టవుతుంది."

"ఫోను సంగతి గాదన్నా."

"ఫోనులో లేని సంగతి ఏముంది చెప్పు?"

వాదనలో గెలిచాను గదా అని ఆ రోజంతా హుషారుగా మీటలు నొక్కాను.

ఆ వారమే మా ఆవిడ చెల్లెలి పురుడని పెద్దాపురంలోనే ఉన్న పుట్టింటికి బయలుదేరింది. వెళ్తూ గుమ్మంలో ఆగింది. "ఆ అబ్బాయి ఏదో చెప్పాలని తిరుగుతున్నాడండీ. నాకు చెప్పమంటే అన్నకే చెప్పల్ల వదినా అంటున్నాడు. మొహం పీక్కుపోయింది. కాస్త వినండి." నేను చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాను. పుల్ల కంపెనీ సమాచారం వంటింటి గుండా రావడం మరీ ప్రమాదం.

తర్వాతి ఆదివారం పొద్దున గోడ మోగింది. టకటకా. నేను కదలలేదు. మళ్లీ మోగింది. ట్రాన్సిస్టర్ గొంతు పెంచాను. వ్యవసాయ కార్యక్రమం వస్తోంది, మిరప తోటలో తెగుళ్ల నివారణ. నాకు తోట లేదు, అయినా చివరిదాకా విన్నాను. నా నిగ్రహం చూసి నాకే ముచ్చటేసింది.

సోమవారం స్కూటరు దగ్గర నిలబడితే మధుసూదన్ రాలేదు. బస్సులో వెళ్లాడన్నమాట, నాకంటే విశ్వాసపాత్రుడు అని మెచ్చుకుని ఒక్కణ్ణే బయలుదేరాను.

ఆఫీసుకు వెళ్లేసరికి లడ్డూలు పంచుతున్నారు. మూత కంపెనీ, పుల్ల కంపెనీ ఒకటైపోయాయట! ఇకమీదట ఫోనుకు మూతా ఉంటుందట, పుల్లా ఉంటుందట. ఇద్దరు యజమానులూ చేతులు పట్టుకుని నవ్వుతున్న ఫోటో గోడకు అంటించారు. చర్చలు కొన్ని నెలలుగా బంజారాహిల్స్‌లోని ఒక హోటల్లో ఎంతో స్నేహపూర్వకంగా జరిగాయని వెంకట్ గారు ప్రకటించారు. అంటే మేం స్కూటరు మీద నోళ్లు కుట్టుకుని తిరిగిన రోజులన్నీ మా యజమానులు ఒకే బల్ల దగ్గర బిర్యానీ తింటూ మాట్లాడుకున్నారన్నమాట. వాళ్లకు ఎవరూ జాగ్రత్త అని చెప్పినట్టు లేదు.

లడ్డూ చేత్తో పట్టుకునే ఇంటికి వచ్చాను. పక్క వాటా తలుపుకు తాళం. ఇంటి ఓనరు లచ్చమ్మ గారు వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"గా పిలగాడు నిన్ననే ఖాళీ చేసి పోయిండు గద సారూ. నీకు చెప్పలేదా?" అంది.

"ఎందుకు పోయాడమ్మా?"

"నౌకరీ పోయిందంట. రెండు కంపెనీలు కలుస్తున్నయంట గద, వాళ్ల దిక్కు మందిని తీసేసిన్రంట. నెల సంది ఎర్కేనంట పాపం, మస్తు పరేషాన్ల ఉండె. పూనా అన్నడు, బెంగుళూరన్నడు, యాడ నౌకరీ దొరికితే ఆడికి అన్నడు. నీ గోడ కొట్టిండు గద, వినలేదా? సారు రేడియో పెద్దగ పెట్టుకున్నడు అన్కుంట పోయిండు."

లడ్డూ లచ్చమ్మ గారికిచ్చి లోపలికి వెళ్లాను.

పోటీ వల్ల కలిగే మేళ్లు ఇంకా ఉన్నాయి, వినండి. నొక్కేవాడొకడు, పొడిచేవాడొకడు ఎందుకు, రెండూ ఒకడే చెయ్యొచ్చు కదా అని కొత్త కంపెనీ కనిపెట్టింది. ఆ ఒకణ్ణి నేనే. ఇప్పుడు పొద్దున నొక్కుతాను, మధ్యాహ్నం పొడుస్తాను. పొడవడానికి నాలుగో అంతస్తు నుంచి ఒక పుల్ల తెచ్చి ఇచ్చారు. దాని చివర కొరికి ఉంది.

మధుసూదన్ చిరునామా ఇమ్మని వెంకట్ గారిని అడిగాను. మాజీ ఉద్యోగుల వివరాలు కాన్ఫిడెన్షియల్ అండీ అన్నారు. కంపెనీలు ఒకటయ్యాయి గానీ రహస్యాలు ఇంకా విడివిడిగానే ఉన్నాయట.

కొత్త ఫోను మాత్రం అద్భుతం. కుడిచేతిలో ఒకటి, ఎడమచేతిలో ఒకటి పట్టుకుని ముక్కుకు ముక్కు చూపించాను. ఈసారి రెండూ ఒకదాన్నొకటి పోల్చుకున్నాయి. నా కుడిచెయ్యి నా ఎడమచేతికి తన పేరూ నంబరూ పంపింది. బిగుసుకుపోలేదు. ఆ మాటే పైవాళ్లకు చెప్పాను, చాలా సంతోషించారు.

మొన్న ఆదివారం మా ఆవిడ అలవాటు కొద్దీ టీ మూడు గ్లాసుల్లో పోసింది. పోశాక చూసుకుంది. నావంక చూడలేదు, ఊరినుంచి వచ్చి సంగతి తెలిసినప్పటి నుంచీ పెద్దగా చూడటం లేదు. నేనే ఖాళీ గ్లాసొకటి తీసుకుని గోడ మీద టకటకా కొట్టాను. ఎందుకు కొట్టానంటే చెప్పలేను. కొట్టి కాసేపు ఆగాను.

పక్క వాటాలో కొత్తగా దిగినాయన మా గుమ్మంలోకి వచ్చాడు. "ఏంది సార్, మేకు కొడ్తున్నరా? మా దిక్కు సున్నం రాలుతుంది" అన్నాడు. లేదండీ, ఊరికే అన్నాను. టీ తాగుతారా అంటే వద్దని వెళ్లిపోయాడు.

కాబట్టి పాఠకులారా, పోటీ వర్ధిల్లాలి! దానివల్ల నా జేబులోకి ఇంత గొప్ప ఫోను వచ్చింది. వెయ్యిమంది పేర్లు పడతాయట. నాకు కావలసిన పేరు ఒక్కటి, దానికి నంబరు లేదు.

మీలో ఎవరికైనా పూనాలోనో బెంగుళూరులోనో పుల్ల కొరుకుతూ ఆలోచించే గుత్తి కుర్రాడు కనిపిస్తే ఒక్క ఉపకారం చెయ్యండి. నా నంబరు ఈ పత్రికవాళ్ల దగ్గర ఉంది, అతనికివ్వండి. ఎంతసేపైనా మాట్లాడమనండి, ఇన్‌కమింగ్‌కు ఎంత పడినా ఫరవాలేదు. ఈసారి ఎత్తుతానని చెప్పండి.