గేటు దగ్గర దులుపుడు

ఇంటికి పోయే ముందు ఇనుము ఫ్యాక్టరీ గేటు దగ్గర బట్టలు దులిపించుకుంటుండగా ఎర్రిస్వామి మొత్తంగా రాలిపోయాడు. చొక్కా, ప్యాంటు, టిఫిన్ క్యారియర్ వాచ్‌మన్ చేతిలో మిగిలాయి. వెనకున్నవాళ్లకు బస్సు టైమవుతోంది కాబట్టి వాచ్‌మన్ ఆ ఎర్రటి పొడిని పక్కనున్న ఖనిజం కుప్పలోకి ఊడ్చి, తర్వాతివాణ్ణి రమ్మన్నాడు.

ఈ దులుపుడు కొత్త కొలిమితో పాటు వచ్చిన పద్ధతి. పాత కొలిమికి పొడి ఖనిజం గిట్టేది కాదు. ఉండలు చుట్టి, కాల్చి పెట్టాలి. అంత ఓపిక లేనప్పుడు దుమ్మును గాలికి వదిలేవారు, చుట్టుపక్కల ఊళ్లు ఉచితంగా పీల్చేవి. హైడ్రోజన్ కొలిమి పొడిని పొడిగానే తీసుకుంటుంది. అడుగు నుంచి వేడి హైడ్రోజన్ ఊదితే పొడి ఎసరులా తెర్లుతుంది. ఇనుము మిగులుతుంది, హైడ్రోజన్ ఖనిజంలోని ప్రాణవాయువుతో కలిసి నీళ్లై బయటికొస్తుంది. పొగ ఉండదు. దాంతో దుమ్ముకు విలువొచ్చి, మనుషులకు అంటుకున్నది కూడా కంపెనీదే అయింది.

మరుసటి ఉదయం ఎర్రిస్వామి భార్య మారెక్క వచ్చింది.

"మా ఆయప్పను ఇయ్యండి సార్, ఇంటికి తీస్కపోతా."

కుప్పల ఆఫీసరు రంగనాథరావు మర్యాదస్తుడు. కుప్ప దగ్గరికి తీసుకెళ్లి, "ఏదమ్మా మీ ఆయన? చూపించి తీసుకెళ్లు," అన్నాడు.

అంతా ఒకటే ఎరుపు. మారెక్క తికమకపడింది. అంతలో కుప్ప దగ్గింది.

"అదో, ఆ దగ్గు మా ఆయప్పదే."

కుప్ప ఇంకో పక్క నుంచి దగ్గింది. తర్వాత అన్ని పక్కల నుంచీ.

"ఇక్కడ దగ్గనిదెవరో చెప్పమ్మా," అన్నాడు ఆఫీసరు, తనకూ తికమకగానే ఉండి. "పరీక్ష చేశాం. మీ ఆయనలో ఇనుము బాగా ఉంది."

"ఇంట్లో ఏ పనికీ వొంగేటోడు కాదులే సార్. నాకప్పుడే అనుమానం."

మధ్యాహ్నం కుప్ప కొలిమిలోకి వెళ్లింది. ఇనుము కంపెనీది. నీళ్లు ఎవరివన్నది ఎవరూ ఆలోచించలేదు కాబట్టి మారెక్కకు ఒక బిందెడు ఇచ్చారు.

"ఇది ఆయప్పేనా సార్?"

"కొంతమటుకు. ఇందులో ప్రాణవాయువు ఆ కుప్పది, హైడ్రోజన్ కంపెనీది."

"రెండూ యేరుచేసి ఇయ్యండి."

"దానికి చాలా కరెంటు కావాలమ్మా."

అదీ నిజమేననిపించింది ఆమెకు. బిందె నెత్తిన పెట్టుకుని, తొణక్కుండా ఇంటికి తీసుకెళ్లి, మూత పెట్టింది.

ఎర్రిస్వామి పని ఖాళీగా ఉండడంతో సోమవారం మారెక్క అందులో చేరింది, పోయొస్తానని ఆ బిందెకు చెప్పి. సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ దులిపితే ఆమె చిటికెన వేలు పొడిగా రాలింది. వంగి చూడబోయింది.

"అక్కా, బిరీన కానీ. బస్సు పోతాది," అన్నారు వెనక నుంచి.

మారెక్క ఆ పొడిని కాలితో కుప్ప వైపు నెట్టి, పక్కకు జరిగింది.