డ్రాగన్ లేదని చెప్పడానికి ఎఫీ చేసిన సంగ్రామం

వినండి. స్కాట్లండు పడమటి తీరాన, సూర్యుడు వారానికొకసారి ముఖం చూపించి అదే ఎక్కువనుకునే మార్చి మాసాన, తడిసిన కోట్ల వాసన నిండిన ఒక విశ్వవిద్యాలయపు రెండో అంతస్తు నడవాలో, ఎదురెదురు తలుపుల నడుమ జరిగిన మహోగ్ర సమరమిది.

కుడి తలుపు వెనుక వైజ్ఞానిక కల్పనా సామ్రాజ్య సార్వభౌముడు, రాకెట్ గమన రహస్యవేత్త, పాదసూచికా సహస్ర భీకరుడు ప్రొఫెసర్ లెయిడ్లా. ఎడమ తలుపు వెనుక అద్భుత కల్పనా రాజ్యలక్ష్మి, మంత్రదండ మర్మజ్ఞురాలు, రెండు శాలువలు కప్పుకున్నా వణికే ప్రొఫెసర్ ఉనా క్రోంబీ. ఇద్దరి నడుమ ఎం.ఏ. విద్యార్థిని ఎఫీ గల్బ్రెయిత్. ఆమె కవచం నీరు కారుతున్న వాన కోటు. ఆయుధం వెన్ను విరిగిన పాత నవల ఒకటి.

ఆ నవల మీదే ఆమె తన పరిశోధన వ్యాసం రాయదలచింది. సాయంత్రం ఐదులోగా ఇద్దరిలో ఒకరు పర్యవేక్షణకు ఒప్పుకోవాలి. లేకుంటే పై అంతస్తులో ఎవరూ ముట్టక మిగిలిపోయిన అంశం, పాతకాలపు చర్చి ప్రసంగాలు, ఆమె నెత్తిన పడుతుంది. ఒప్పుకున్నవారు మాత్రం వేసవంతా ఒక విద్యార్థి రాతలు చదవాలి. ఆ భయమే ఆచార్యులిద్దరినీ ఆ పూట సిద్ధాంతకర్తలను చేసింది.

నవల అట్ట మీద ఒక డ్రాగన్ రాకెట్‌ను చుట్టుకుని నిప్పులు కక్కుతోంది. ఆ నవల వెలువడిన రోజుల్లో ప్రచురణకర్తలు కథ చదవని చిత్రకారుల చేత అట్టలు వేయించేవారు. లోపల డ్రాగనూ లేదు, రాకెట్టూ లేదు. ఎఫీ చెప్పవలసిన ముక్క అదొక్కటే. చెప్పనిచ్చేవారేరీ?

లెయిడ్లా తలుపు తీసి అట్ట చూశాడు. “ఉనా, నీ డ్రాగన్ తప్పిపోయి నా గుమ్మంలోకొచ్చింది. తోలుకుపో.”

“డ్రాగన్ నాదేలే. అదెక్కిన బండి ఎవరిదో చూసుకో,” అంది క్రోంబీ, తన గుమ్మంలోంచే.

అంతట యుద్ధం చెలరేగింది. హేతువు చెప్పని అగ్ని వైజ్ఞానికం కాజాలదని లెయిడ్లా గర్జించాడు. ఇంధనంతో ఎగిరే లోహంలో అద్భుతానికి తావు లేదని క్రోంబీ ప్రతిగర్జించింది. ఎఫీ ప్రయోగించిన ‘దీంట్లో’ అన్న తొలి పదం నడవా సగం దాకా ఎగిరి, ‘ఉత్తరాధునికత’ అనే మహాస్త్రం తగిలి నేలకూలింది. ఆ డ్రాగన్ తోక చివరి అధ్యాయంలో ఎంత కృత్రిమంగా కదిలిందో లెయిడ్లా విమర్శించాడు. మూడో అధ్యాయంలో అది కార్చిన కన్నీరు తనను కదిలించినా, రాకెట్ శబ్దం వల్ల ఆ అనుభూతి చెడిందని క్రోంబీ నిట్టూర్చింది.

గోడ గడియారం ఐదుకు దగ్గరపడింది. అప్పుడు ఎఫీ, తాను సాయంత్రాలు పనిచేసే చేపల వేపుళ్ల దుకాణంలో నూనె పొగలోంచి ఆర్డర్లు కేకేసే గొంతును ఒరలోంచి దూసింది.

“సార్, మేడం, దీంట్లో డ్రాగన్ లేదు. అట్ట మీదే ఉంది. రాకెట్టూ అంతే. మీరిద్దరూ చదవలేదు.”

ఆ బాణం ఇద్దరికీ ఒక్కసారే తగిలింది. ముందుగా తేరుకున్నది లెయిడ్లాయే.

“రెండూ లేకపోతే ఇది మా దగ్గరికి రావాల్సిందే కాదమ్మాయ్. పైకెళ్లు. మామూలు మనుషుల కథలు పై అంతస్తు వాళ్లు చూస్తారు.”

క్రోంబీ తలూపింది. ఎన్నో ఏళ్లుగా ఏ విషయంలోనూ కలవని ఆ రెండు మహాసామ్రాజ్యాలు ఒక్క క్షణంలో సంధి చేసుకుని, చెరొక తలుపూ మూసుకోబోయాయి.

ఎఫీ కదల్లేదు. ఆ మొండితనానికి విసుగొచ్చి కాబోలు, మూస్తున్న తలుపు ఆపి క్రోంబీ అడిగింది. “మరింకేముంది అందులో?”

“ఒక ముసలామె ఉంది మేడం. ప్రతి ఆదివారం సూపు కాచి రెండు గిన్నెల్లో పోస్తుంది. చచ్చిపోయిన మొగుడొచ్చి కూచుంటాడు. ఉప్పు తక్కువైందని గొణుగుతాడు.”

“ఎలా వస్తాడు? యంత్రం ఉందా?” అన్నాడు లెయిడ్లా.

“చెప్పలేదు సార్.”

“మంత్రమా?” అంది క్రోంబీ.

“అదీ లేదు. ఆమె కూడా అడగదు. వాడొచ్చే ముందు ఉప్పు డబ్బా దాచేస్తుందంతే.”

“ఎందుకు?”

“ఉప్పు సరిపోతే ఇంక రాడేమోనని.”

నడవా చివర కిటికీ మీద వాన కొడుతోంది. క్రోంబీ చెయ్యి తలుపు పిడిని వదిలింది.

“తర్వాత?” అంది.

సిద్ధాంతాలు వంటబట్టిన నాటి నుంచీ ఆ నోట వెలువడని మాట అది. ఎఫీ పుస్తకం చాపింది. “చదవండి మేడం.”

“సోమవారం నీ వ్యాసం మొదటి అధ్యాయం రాసుకుని రా,” అంటూ క్రోంబీ దాన్ని అందుకుంది.

“నువ్వు చదివాక ఇటివ్వు,” అన్నాడు లెయిడ్లా, ఎటో చూస్తూ.

శంఖాలు పూరించండి, భేరీలు మోగించండి. సకల సిద్ధాంత సేనావాహినిని ఒంటరిగా ఎదిరించిన ఎఫీ గల్బ్రెయిత్ వీరవిజయాన్ని దశదిశలా చాటండి. ఆ సాయంత్రం, ఐదు గంటలకు కాస్త ముందు, సాహిత్యం బోధించే ఒకరు నవల తెరిచి మొదటి పుట చదివారు.