పేనుబంక తేనె చుక్కల లెక్క

మా ఇంట్లో ఆర్నెల్లుగా నాకంటే పేనుబంకకే మర్యాద ఎక్కువ. నమ్మకపోతే కూర్మన్నపాలెం రండి, మా బాల్కనీ చూపిస్తాను.

మా ఆవిడ రోజలిన్ మధురవాడలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతూ పీహెచ్‌డీ చేస్తోంది. చిక్కుడు మొక్కల రసం పీల్చే ఈ పేనుబంక పురుగులు వెనకనుంచి తేనెలాంటి చుక్కలు వదులుతాయి. అవి ఎంత వదులుతాయో కొలవడం ఆవిడ పరిశోధన. మొక్కల కింద ఫిల్టర్ పేపర్లు పరుస్తుంది. ఇంట్లో ఉంటే గంటకోసారి మారుస్తుంది.

"రోజీ, అన్నం పెట్టవా?"

"ఉండండి, మూడో మొక్క ఇప్పుడే మొదలెట్టింది."

"పురుగు దొడ్డికెళ్తే నువ్వు కాపలా ఏటే?"

"దొడ్డి కాదండీ, తేనె."

"ఎనకాల్నుంచి వత్తే తేనేటే!"

శనివారం సెమినార్. అది గట్టెక్కితేనే థీసిస్ రాయనిస్తారు. పగలు కాలేజీకి పోతే కాగితాలు మార్చేవాళ్లు లేక లెక్క సరిగ్గా రావడం లేదని ఆవిడ బుధవారం అన్నం కూడా తినలేదు. నాకు ప్రాణం ఒప్పలేదు. స్టీల్ ప్లాంటులో నాతో పనిచేసే ఉదయ్‌కుమార్‌కి చెప్పాను.

"సుక్కలే కదా బావా! పంచదార పాకం డ్రాపర్‌తో ఏసెయ్. ఎవుడికి తెలుత్తాది?"

గురువారం సెలవు పెట్టాను. పాకం కాస్తే తీగపాకం వచ్చింది, నీళ్లు పోసి పలచన చేశాను. ఒక్కో కాగితాన్ని బొటనవేలితో అదిమిపట్టి, మొత్తం నూట పాతిక చుక్కలు వేశాను. పేనుబంక జాతి తలెత్తుకు తిరిగేలా చేశాననుకున్నాను.

పావుగంటలో చీమలొచ్చాయి. కాగితాల మీద సగం, నా లుంగీలో సగం.

"ఏటి జాక్సన్ బాబూ, బాల్కనీలో డాన్సా?" ఎదురింటి మంగాయమ్మ గారు.

"ఎక్సర్‌సైజండీ!" అని గెంతుతూనే చెప్పాను.

సాయంత్రం రోజలిన్ వచ్చి కాగితాలు చూసింది. వాటి మీద ఏదో మందు చల్లి, ఇస్త్రీపెట్టెతో వేడి చేసింది.

"ఈ మందుకి పురుగు వదిలిన సుక్క ఊదా రంగు తిరుగుద్దండీ. వట్టి పంచదార తిరగదు."

కాగితం మీద చిన్న చిన్న ఊదా చుక్కలు తేలాయి. వాటి మధ్య, గీతలతో సహా, బలమైన బొటనవేలి ముద్ర!

"ఇదేటే?"

"మనిసి సెమటకీ తిరుగుద్ది. వేలిముద్రలు పట్టడానికి పోలీసులు వాడేది కూడా ఇదే మందు. మరి సెప్పండి, ఏటి సేసేరు?"

అంతా కక్కేశాను. తిడుతుందనుకున్నాను. నవ్వు ఆపుకుని, "రేపు కూడా సెలవు పెట్టండి" అంది.

శుక్రవారం పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, గ్లౌజులు వేసుకుని, గంటగంటకీ కాగితాలు మార్చింది నేనే. మధ్యాహ్నానికి నాకూ పిచ్చి పట్టింది. క్లాసులో ఉన్న మనిషికి ఫోన్ చేశాను. "రోజీ! ఐదో మొక్క మీద ఒక పురుగు గంటలో మూడుసార్లు వదిలిందే!"

ఆవిడకి ఇన్నాళ్లూ దొరకని పగటి లెక్క దొరికింది.

సెమినార్‌లో రోజలిన్ దంచేసింది. అడ్డు ప్రశ్నలు వేసే ప్రొఫెసర్లు నోట్సు రాసుకున్నారు. థీసిస్ రాసుకోమని గైడు అక్కడికక్కడే చెప్పేశారు. ముందు వరసలో నేను కొత్త చొక్కాలో ఉబ్బిపోతుండగా తెర మీద చివరి బొమ్మ పడింది. గోడంత బొటనవేలి ముద్ర! పైన, "గ్లౌజులు ఎందుకు వేసుకోవాలి?"

"ఎవరిదమ్మా అది?" అన్నారు గైడు.

"మా ఆయనది సార్. శుక్రవారం లెక్కంతా కూడా ఆయనదే."

హాలంతా నావైపు తిరిగి చప్పట్లు కొట్టింది. లెక్కకో, వేలికో తెలియలేదు. బొటనవేలు గుప్పిట్లో దాచుకుని లేచి నిలబడ్డాను.