జిరాఫీ లేని టీ పొట్లం

మీరే చెప్పండి, ఇదేమైనా న్యాయమా? ఊహ తెలిసినప్పటి నుంచి నేను తాగుతున్నది జిరాఫీ మార్కు టీ. ఎర్ర పొట్లం మీద పసుపు రంగు జిరాఫీ, దాని నోట్లో టీ ఆకు. నా చదువు మూడో తరగతితో ఆగింది. పొట్లం మీద రాసింది ఏనాడూ చదవలేదు. జిరాఫీని చూసేవాణ్ణి, తీసుకునేవాణ్ణి. దేశంలో సగం మంది అంతే.

మొన్న వ్యాను అతను మా కొట్లో కొత్త పెట్టె దింపిపోయాడు. విప్పి చూస్తే ఒక్క పొట్లం మీదా జిరాఫీ లేదు. గీత ఉంది. పైన కాస్త వంగిన ఒకే ఒక్క పసుపు గీత.

"ఏమే, జిరాఫీ ఏదీ?"

"అదే అది" అని మా ఆవిడ గీతను చూపించింది. "బొమ్మ మార్చారట. పొడి అదేనట."

"కాళ్లేవి? తోకేది? మచ్చలేవి?"

"మీరు టీ తాగుతారా, తోక తాగుతారా?"

మా ముందుగదిలో మా ఆవిడ కొట్టు నడుపుతుంది. సగం బేరం ఆ టీ పొడి మీదే. నేను ఒకప్పుడు సైకిళ్లు బాగుచేసేవాణ్ణి. ఇప్పుడు కొట్టు ముందు బెంచీని చూసుకుంటున్నాను. అంటే, దాని మీద కూర్చుంటాను.

ఆ సాయంత్రం బెంచీ మీద పెద్ద సభే జరిగింది. మా ఆవిడ అన్నగారు, అంటే మా ఉరుము బావ, ముందు లేచాడు. ఆయన బస్సు నడిపినన్నాళ్లూ హారను కొట్టే అవసరం రాలేదు, గొంతే సరిపోయేది.

"ఇది జిరాఫీయా? మా ఇంటి గొడుగు పిడి! ఎవడో దాన్ని చూసి గీసుకుపోయాడు!"

పక్కింటి టీచరమ్మ ఫోను తీసింది. "మనమే కాదండీ, ఊళ్లకు ఊళ్లు తిడుతున్నాయి. 'జిరాఫీకి పక్షవాతం వచ్చింది' అని ఒకాయన రాశాడు. ఒకావిడైతే, 'మా పిల్లలు జిరాఫీని చూపిస్తే నవ్వేవాళ్లు, ఈ గీతను చూపిస్తే హోంవర్కు అనుకుని ఏడుస్తున్నారు' అని రాసింది."

"కంపెనీ వాడు ఏమంటున్నాడు?"

"గీత ఎదుగుదలకు గుర్తట."

"ఎదగడానికి ఇంకేముంది?" ఉరిమాడు బావ. "జంతువులన్నిటిలో పొడుగు అదే కదా!"

దర్జీ కత్తెరయ్య అందుకున్నాడు. ఎదుటివాడి మాట ఎక్కడ తెంపాలో అతనికి బాగా తెలుసు. "బొమ్మ సంగతి సరే, రుచి కూడా చెడిపోయింది. పొద్దున తాగితే గొంతులో గీసుకుంటూ దిగింది."

"పొద్దున నువ్వు తాగింది పాత పొట్లమే తమ్ముడూ" అంది లోపలి నుంచి మా ఆవిడ. "కొత్తవి మధ్యాహ్నం వచ్చాయి."

"రుచికి ముందే తెలిసిపోయింది వదినా!"

నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను. "జిరాఫీ తిరిగొచ్చేదాకా గీత పొట్లం ఈ గడప దాటదు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. బావ నన్ను కౌగిలించుకున్నాడు. గీత పొడి ముట్టేవాడు మనిషే కాదని తీర్మానం కూడా అయింది.

అప్పుడు మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. "పెట్టె లోపలే ఉందిగా. గడప దాటదంటే ఇక బయటికి పోకూడదనా?"

"ఊఁ."

"వ్యాను అతను వెనక్కి తీసుకోడు. అది అలా ఉంచండి. టీ పొడి కోసం పక్క వీధి కొట్టుకు వెళ్లినవాళ్లు ఉప్పూ పప్పూ అక్కడే కొంటారు. ఒకసారి కాళ్లు అటు అలవాటు పడ్డాయంటే మళ్లీ ఇటు రావు. కొట్టు మూసుకుని మీ బెంచీ మీదే నేనూ కూర్చోనా?"

ఆ సంగతి నాకు తట్టలేదు. కానీ అన్న మాట వెనక్కి తీసుకుంటే వీధిలో తలెత్తుకు తిరగలేను. మాటా పోకూడదు, కొట్టూ పోకూడదు. ఆలోచించగా ఆలోచించగా ఉపాయం దొరికింది. పాత పొట్లాలు ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటాయి కదా!

మర్నాడు సైకిలు తీసి టోకు బజారంతా తిరిగాను. ఎక్కడ చూసినా గీతలే. చివరికి బజారు వెనక సందులో ఒకడు కనిపించాడు.

"జిరాఫీ ఉందా?"

వాడు అటూ ఇటూ చూశాడు. "ఎంత కావాలి పెద్దాయనా?"

"బస్తా."

బస్తా క్యారియరుకు కట్టుకుని వీధిలోకి వస్తుంటే పెళ్లికొడుకు ఊరేగుతున్నట్టే ఉంది. కత్తెరయ్య మిషను ఆపి దండం పెట్టాడు. నాకు కాదు, జిరాఫీకి.

మా ఆవిడ ఒక పొట్లం తీసి తిప్పి చూసింది. "మన జిరాఫీ ఎడమవైపు చూసేది. ఇదేమిటి, కుడివైపు చూస్తోంది?"

"ఎన్నాళ్లని ఒకవైపే చూస్తుంది? మెడ ఉంది, తిప్పుకుంది."

ఆమె పొట్లం చించి వాసన చూసింది. చిటికెడు పొడి చన్నీళ్లలో వేసింది. నావైపు ఓ చూపు చూసింది. "సాయంత్రం మీ వాళ్లందర్నీ పిలవండి. రెండు రకాలూ పెడతాను. ఏది బాగుందంటే అదే అమ్ముతాను" అంది.

నా సంతోషం ఏం చెప్పను! పెళ్లయ్యాక మొదటిసారి మా ఆవిడ ఓడిపోవడం చూడబోతున్నాను.

సాయంత్రం అందరికీ రెండేసి స్టీలు గ్లాసులు వచ్చాయి. "మొదటిది ఒక్క గుక్కే తాగండి" అంది మా ఆవిడ.

బావ గుక్క తాగి కాలవలో ఉమ్మేశాడు. "థూ! ఇదీ గీత! గోనెసంచి ఉడకబెట్టినట్టుంది. చెల్లెమ్మా, దీన్ని మనుషులకు పోస్తారా?"

"నేను చెప్పలేదూ, గీసుకుంటూ దిగుతుందని!" అన్నాడు కత్తెరయ్య.

రెండో గ్లాసు తాగాక బావ కళ్లు మూసుకున్నాడు. "ఆహా. ఇదీ జిరాఫీ అంటే. పోయిన ప్రాణం లేచొచ్చింది." టీచరమ్మ తల ఊపింది. నేను మీసం దువ్వుకున్నాను.

"అయితే రెండోదే అమ్మమంటారా?"

"అదే అమ్ము!"

"తర్వాత మాట మార్చరు కదా అన్నయ్యా?"

"నా గొంతు మీద ఒట్టు!"

మా ఆవిడ లోపలికి వెళ్లి ఒక గిన్నె, రెండు పొట్లాలు తెచ్చి బెంచీ మీద పెట్టింది. గిన్నెలో చన్నీళ్లు ఎర్రగా ఉన్నాయి, అడుగున రంపంపొట్టు పేరుకుని ఉంది. "మొదటి గ్లాసు మా ఆయన తెచ్చిన మెడ తిప్పిన జిరాఫీ. చన్నీళ్లలోనే రంగు వదిలింది. కంపెనీ బొమ్మ మార్చాక పాత బొమ్మ దొంగపొడి వాళ్లకు దక్కింది. ఇప్పుడు మీరు మెచ్చుకున్నది ఈ గీత పొడి. ఎవరికెన్ని పొట్లాలు?"

బావ నెమ్మదిగా అన్నాడు, "నాకు రెండు." ఆయన అంత చిన్న గొంతుతో మాట్లాడగలడని ఎవరికీ తెలియదు.

పెట్టె అక్కడికక్కడే ఖాళీ అయింది, ఇంటికని అట్టిపెట్టిన పొట్లం ఒక్కటి తప్ప. నా బస్తా చెత్తబండి ఎక్కింది.

పొద్దున లేచి చూస్తే నా గ్లాసులో వేడినీళ్లు.

"ఇదేమిటే?"

"గీత పొడి మీరు ముట్టరుగా. అంతమందిలో అన్న మాట. నా చేత్తో తప్పిస్తానా?"

ఆ రోజంతా అంతే. మర్నాడూ అంతే. తల పగిలిపోతోంది. బయటికొస్తే బెంచీ మీద బావ, కత్తెరయ్య, టీచరమ్మ ఊదుకుంటూ తాగుతున్నారు. వెళ్లి బావ పక్కన చేరాను.

"బావా, కాస్త దూరం నుంచి చూస్తే ఆ గీత జిరాఫీ మెడలాగే ఉంది కదూ?" అన్నాను.

"నాకు మొదటిరోజే అనిపించింది" అన్నాడు బావ. "బాగులేదన్నవాడెవడు?"

ధైర్యం తెచ్చుకుని లోపలికి వెళ్లాను. "ఒక గ్లాసు జిరాఫీ టీ ఇయ్యి."

"ఏ జిరాఫీ?"

"అదే... గీత జిరాఫీ."

"దాని కాళ్లేవి?"

"పొట్లం లోపల ఉంటాయిలే."

మా ఆవిడ టీ గిన్నె చేతిలోకి తీసుకుంది కానీ వంచలేదు. "ఏదీ, ఆ మాట గడపలో నిలబడి చెప్పండి. అన్నయ్యకు వినపడాలి."

వీధి చివరిదాకా వినపడేలా చెప్పాను. అప్పుడు పోసింది.