దర్జీ చెవిలో అంకెలు

ఆ పొద్దున దర్జీ పెట్టుకున్న పని చాలా చిన్నది. బజారుకు వెళ్ళి కోటు రంగుకు సరిపోయే గుండీలు కొనాలి, తెచ్చి కుట్టాలి, మధ్యాహ్నానికల్లా బ్యాంకు మేనేజరుగారి చేతిలో పెట్టాలి. సాయంత్రం ఆయన పదవీ విరమణ సభ. ఉద్యోగమంతా నలిగిన చొక్కాలతో గడిపేసిన మనిషి, వెళ్ళిపోయే రోజైనా దర్జాగా కనబడాలని జన్మలో మొదటిసారి కోటు కుట్టించుకుంటున్నాడు. అది బాగా కుదిరితే బ్యాంకు వాళ్ళందరి యూనిఫారాలూ నీకే ఇప్పిస్తానని మాట కూడా ఇచ్చాడు. కుదరకపోతే ఏమిస్తాడో చెప్పలేదు గానీ, ఆయన గొంతు ఎరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఇంత చిన్న పనిని కూడా పాడుచేసుకోవాలంటే మనిషికి ప్రత్యేకమైన తెలివి ఉండాలి. మన దర్జీకి అది పుష్కలంగా ఉంది. ఆయనకు అదృష్టం పిచ్చి. అదృష్టమనేది ఎప్పుడూ తన చుట్టుపక్కలే తచ్చాడుతూ, ఎవరి నోటివెంటో తనకు అంకెలు అందిస్తూ ఉంటుందని ఆయన నమ్మకం. మన భాష కూడా ఆయనకు బాగా సహకరించింది. భార్య "మిరియాలు నూరు" అని ఎవరికో చెబితే ఆయనకు వంద వినబడేది. "ఆ గొళ్ళెం వెయ్యి" అంటే వెయ్యే వినబడేది. గొళ్ళెం మాత్రం పడేది కాదు.

గుండీల రంగు సరిచూసుకోవడానికని కోటు కాగితంలో చుట్టుకుని బయలుదేరుతుంటే, భార్య వంటింట్లోంచి కేకేసింది.

"ఏమండీ, మబ్బేసింది! ఆరుబయట ఆరేసిన బట్టలు తీసి మరీ వెళ్ళండి!"

దర్జీకి బట్టలు వినబడలేదు. 'ఆరు, మళ్ళీ ఆరు' అనుకుంటూ గడప దాటాడు.

దారిలో మైదానం పక్కన ఎవరో కొత్తగా గుడారం వేశారు. లోపల ఒకటి నుంచి పది వరకూ అంకెలున్న పెద్ద చెక్క చక్రం. పక్కన బల్ల మీద, గెలిచినవాళ్ళకు ఇచ్చే బహుమతి: మోటారుతో నడిచే కొత్త కుట్టుమిషను. దర్జీ దాన్ని చూసి నిలబడిపోయాడు. జూదానికి దిగేవాడికి ఏదో ఒక మంచి కారణం దొరక్కుండా పోదు. ఇంట్లో పాత మిషను తొక్కీ తొక్కీ భార్యకు మోకాళ్ళు పట్టేశాయి. ఇది తీసుకెళ్ళి ఎదురుగా పెడితే ఆమె ముఖం ఎలా వెలుగుతుందో తలుచుకుని ఆయనకు నిజంగానే కళ్ళు చెమర్చాయి.

"రండి గురువుగారూ! అంకె చెప్పండి, మిషను పట్టుకెళ్ళండి!" అన్నాడు చక్రంవాడు.

"ఆరు!" అన్నాడు దర్జీ, గుండీల డబ్బు బల్ల మీద పెట్టి.

చక్రం గిర్రున తిరిగి తొమ్మిది మీద ఆగింది. "అయ్యయ్యో, వెంట్రుకవాసిలో తప్పిందండీ!" అని చక్రంవాడు దర్జీకంటే ఎక్కువ బాధపడ్డాడు.

అంతలో ఫోన్ మోగింది. భార్య.

"గుండీలు దొరికాయా? మేనేజరుగారు అప్పుడే ఫోన్ల మీద ఫోన్లు. కోటు వేళకి అందకపోతే మనకి మూడినట్టే!"

"ఏమన్నావు? మళ్ళీ చెప్పు."

"మూడుతుంది అన్నా!"

"నీ నోట్లో చక్కెర పొయ్య!" అని దర్జీ ఫోన్ పెట్టేసి, చేతి గడియారం విప్పి మూడు మీద కాశాడు. చక్రం నాలుగు మీద ఆగింది.

అక్కడితో ఇంటికి వెళ్ళిపోవాల్సిందే. వెళ్ళాలనే తిరిగాడు కూడా. కానీ గుడారం ముందు ఒక తల్లి, బుడగ కొనిపెట్టలేదని రాగం తీస్తున్న కూతుర్ని చెయ్యి పట్టి లాక్కుపోతోంది.

"ఏడు! ఇంకా ఏడు! గట్టిగా ఏడు!"

దర్జీకి ఒళ్ళు ఝల్లుమంది. ఇంత విప్పి చెప్పాక కూడా వినకపోతే అదృష్టానికి మాత్రం కోపం రాదూ? కోటు తనది కాదన్న సంగతి ఒక్క క్షణం గుర్తొచ్చింది. ఎలాగూ గెలుస్తాం కాబట్టి కోటు ఎక్కడికీ పోదని ఆ గుర్తొచ్చినదాని నోరు మూయించి, కాగితం విప్పి బల్ల మీద పెట్టాడు. చక్రం మెల్లమెల్లగా ఏడులోకి వచ్చింది. దర్జీ చేతులు పైకెత్తాడు. చక్రం ఎనిమిదిలోకి జరిగింది. ఆ చేతులు అలాగే పైనే ఉండిపోయాయి.

చక్రంవాడు అప్పటికప్పుడే కోటు తొడుక్కుని మురిసిపోతున్నాడు. ఆ తల్లి కూతురికి అంకె చెప్పలేదని దర్జీకి అప్పుడు అర్థమైంది. గోడవారన కూర్చుని, ఆమె చెప్పినట్టే కాసేపు ఏడ్చాడు.

వట్టి చేతులతో ఇల్లు చేరగానే భార్య ఎదురొచ్చింది. "గుండీలేవి? కోటేది?"

"ఏం చెప్పమంటావే... చెయ్యి జారిపోయింది."

భార్య ఆయన చేతులు రెండూ పట్టుకుని తడిమింది. "అయ్యో అయ్యో! ఎక్కడ పడ్డారు? ఏ చెయ్యి?"

దర్జీ నోరు తెరిచేలోపలే ఆమె ఒక లైనింగు గుడ్డ చింపి, కుడిచెయ్యి ఆయన మెడకు వేలాడగట్టేసింది. ఆమె గోల విని ఎదురుకొట్టు ఇస్త్రీ ఆయన పరుగెత్తుకొచ్చాడు. "జారిన చెయ్యి ఒక్క లాగుతో కూర్చుంటుందమ్మా" అని, ఒక్క లాగు లాగాడు. అంతవరకూ బాగానే ఉన్న చెయ్యి అప్పుడు నిజంగానే నొప్పెట్టింది.

దర్జీ పెట్టిన కేకకు సరిగ్గా మేనేజరుగారు దిగబడ్డారు. "ఏమయ్యా మాస్టరూ, నా కోటు—" అని గర్జించబోయి, కట్టు చూసి చల్లబడ్డారు. "అయ్యయ్యో! కోటు పోతే పోయిందయ్యా, నీ చెయ్యి ముఖ్యం." ఒక్క క్షణం ఆగి, "పోలేదు కదా?" అన్నారు.

ఇక దాచి లాభం లేదనుకుని దర్జీ కళ్ళు మూసుకున్నాడు. "సార్, అసలు జరిగిందేమిటంటే..."

"ఇక్కడ దర్జీ ఎవరండీ?" గుమ్మంలోంచి వినబడింది. "ఈ కోటు నాకు మరీ వదులైపోయింది."

చక్రంవాడు! ఒంటి మీద కోటు, చేతికి దర్జీ గడియారం. భార్య కోటును చూసింది, గడియారాన్ని చూసింది, తరువాత మొగుణ్ణి చూసింది. మొగుడు జారిన చెయ్యిని కట్టులోంచి తీసి ముఖం కప్పుకున్నాడు. ఇంకేం చెప్పాలి, ఆమెకు కథంతా తెలిసిపోయింది.

"అరె, గురువుగారూ, మీరు దర్జీయా? ఇందాక మీరు—"

"ఊపిరి బిగబట్టండి!" అంటూ ఆమె టేపు తీసి అతని ఛాతీ చుట్టూ బిగించింది. "మాట్లాడితే కొలత తప్పుతుంది అన్నయ్యా."

మేనేజరుగారు కోటు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. "చిత్రంగా ఉందే! అచ్చం నా గుడ్డలాగే ఉంది."

"మీరు ఎంచుకున్నాక అందరూ అదే అడుగుతున్నారు సార్" అంది ఆమె. "మీది సభ వేళకి మీ ఇంటికి వచ్చేస్తుంది. మీరు వెళ్ళి గడ్డం గీసుకోండి." మేనేజరుగారు గడ్డం తడుముకుంటూ, గర్వంగా వెళ్ళిపోయారు. ఊపిరి బిగబట్టినవాడి ముఖం అప్పటికి ఎర్రబడింది.

"చాలా పనుందండీ. భుజాలు తగ్గించాలి, నడుము లోపలికి పట్టాలి. అడ్వాన్సు?"

"డబ్బు గుడారంలో ఉందమ్మా."

"ఫర్వాలేదు, ఆ గడియారం ఉంచి వెళ్ళండి. కోటు తీసుకున్నప్పుడు ఇచ్చేస్తాం."

పొద్దున్నుంచీ జనాన్ని నమ్మించీ నమ్మించీ అలిసిపోయాడేమో, చక్రంవాడు ఈసారి తనే నమ్మేసి, కోటూ గడియారమూ విప్పి ఇచ్చి వెళ్ళాడు.

అతను వీధి మలుపు తిరగ్గానే ఆమె మొగుడి పెళ్ళినాటి కోటు తీసి, దాని గుండీలు టకటకా కత్తిరించి, మేనేజరుగారి కోటుకు కుట్టడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండునని దర్జీకి అనిపించింది.

"ఎందుకు ఆడారు?" అంది చివరికి.

"మోటారు మిషనే... నీ మోకాళ్ళ కోసం..."

ఆమె చేతిలో సూది ఒక్క క్షణం ఆగింది. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి, కోపం ఎటూ పోలేదు. "నా మోకాళ్ళ మీద అంత ప్రేముంటే మీరు కూర్చుని తొక్కండి!"

దర్జీ మిగతా గిరాకీల బట్టలు ముందేసుకుని, కూర్చుని తొక్కాడు. ఇంత హాయిగా నడుస్తుందా ఈ పాత మిషను అని ఆశ్చర్యపోయాడు కూడా.

సభలో మేనేజరుగారు కొత్త కోటులో నిటారుగా నిలబడి మాట్లాడారు, యూనిఫారాల సంగతి మైకులోనే చెప్పేశారు. దర్జీ కుడిచెయ్యి సంగతి మరిచిపోయి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

మొగుడూ పెళ్ళాం నవ్వుకుంటూ తిరిగొచ్చేసరికి చక్రంవాడు కొట్టు ముందు కాచుకుని ఉన్నాడు.

"కోటు అయిందా అమ్మా?"

"చేతులు అతకడం మిగిలింది అన్నయ్యా. రేపు రండి."

"రేపు తెల్లారేసరికి మేం ఇంకో ఊళ్ళో ఉంటాం!"

"అయితే మళ్ళీ ఇటువైపు వచ్చినప్పుడు రండి."

"అప్పటికైనా అవుతుందా?"

ఆమె తలుపు దగ్గరికి వేస్తూ చెప్పింది: "మీ అదృష్టం బాగుంటే అవుతుంది."