కంటిన్యూటీలో వాషింగ్ మెషిన్

గురువారం ఉదయం కౌసల్య వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పదింటికి కొత్త వాషింగ్ మెషిన్ వస్తుంది. పదిన్నరకి పాతది వెళ్ళిపోతుంది. పదకొండుకల్లా మూటలు కట్టి పెట్టిన దుప్పట్లన్నీ కొత్తదాని కడుపులో పడతాయి. పన్నెండింటికి ఆవిడ కాళ్ళు చాపుకుని కూర్చుని, కుడి మణికట్టుకి ఆఖరిసారి నొప్పి నూనె రాసుకుంటుంది.

పాత మెషిన్ ప్రాణం వదిలి అప్పటికి నెల దాటింది. ఆ నెలా ఇంటెడు బట్టలూ ఆవిడే చేత్తో ఉతికింది. అత్తగారు అనసూయమ్మ రోజుకి రెండుసార్లు మడిచీర మారుస్తుంది. కొడుకు పొద్దున జిమ్ముకీ, సాయంత్రం క్రికెట్‌కీ వెళ్ళి, రెండుచోట్లా చెమట సంపాదించుకొస్తాడు. పనిమనిషి నీలమ్మ మాత్రం గిన్నెలు, గచ్చు తప్ప బట్టల జోలికి రానని చేరిననాడే తేల్చి చెప్పేసింది.

కొత్తది కొనడానికి నెల ఎందుకు పట్టిందంటే, కొనే బాధ్యత ఆవిడ భర్త పరబ్రహ్మం నెత్తిన వేసుకున్నాడు. ఆయన రిటైరైన ఇంజనీరు. చీపురు కొన్నా మనవల కాలందాకా రావాలంటాడు. జూబ్లీహిల్స్‌లో దుకాణాలన్నీ తిరిగి, కనబడ్డ ప్రతి మెషిన్‌నీ కొబ్బరికాయను చూసినట్టు వేలితో కొట్టి చూశాడు. డ్రమ్ము స్టీలుదేనా? మోటారుకి గ్యారంటీ ఎన్నేళ్ళు? మన బోరు నీళ్ళకి లోపల తెల్లపొర కడితే ఎవరు గీకుతారు? నాలుగోసారి వెళ్ళేసరికి ఆయన్ని చూడగానే దుకాణంలోవాళ్ళు టీ తాగడానికి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు.

"ఏవండీ, ఏదో ఒకటి తెచ్చి పడేద్దురూ. నా చేతులు పడిపోతున్నాయి."

"తొందరపడితే ఎలా కౌసల్యా? మన్నిక ముఖ్యం. మనం పోయినా అది తిరుగుతూ ఉండాలి."

"ముందు నేను పోయేలా ఉన్నాను."

మొత్తానికి ఒకటి కుదిరింది. అది బుధవారం. గురువారం పదింటికి చెప్పిన మాట ప్రకారం ట్రాలీ ఆటోలో మెషిన్ దిగింది. ఇంతవరకూ అంతా సవ్యంగానే జరిగింది.

ఇక్కడ ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. ఫిల్మ్ నగర్‌లో ఉన్న ఆ మేడలో కౌసల్యావాళ్ళు పైభాగంలో ఉంటారు. కింది భాగాన్ని రెండేళ్ళుగా "ముత్యాల మేడలో మూడో కోడలు" అనే టీవీ సీరియల్‌కి షూటింగ్ కోసం ఇచ్చారు. కుళాయి, నీళ్ళు పోయే గొట్టం కింద వెనక వరండాలో ఉన్నాయి కాబట్టి వాషింగ్ మెషిన్ కూడా కిందే ఉంటుంది. సీరియల్లో కోడళ్ళు ముగ్గురూ ఏడవాల్సి వచ్చినప్పుడల్లా వచ్చేది ఆ వరండాలోకే.

రెండేళ్ళలో ఇంటిల్లిపాదికీ వంటబట్టిన మాట ఒకటుంది. కంటిన్యూటీ. అంటే, ఒక సీనులో ముందు షాట్లో కనబడ్డ వస్తువు తర్వాతి షాట్లోనూ అక్కడే ఉండి తీరాలి. ఆ దెబ్బతో కింది హాల్లో క్యాలెండరు నిరుటి ఆషాఢంలోనే ఆగిపోయింది. పరబ్రహ్మం అక్కడున్న తన పడక్కుర్చీలో కూర్చుని ఏడాదైంది.

మెషిన్ తెచ్చిన జంగయ్య పాతదాని మీద చెయ్యి వేశాడో లేదో, హాల్లోంచి డైరెక్టర్ వేంకటరమణ పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మగారూ! ఆగండాగండి! అది కంటిన్యూటీలో ఉందండీ!"

"ఆ తుక్కు మెషినా?"

"నిన్న మూడో కోడలు దాన్ని ఆనుకునే ఏడ్చిందండీ. ఇంకా సగం ఏడుపు మిగిలింది. గంటలో ఏడిపించి పంపేస్తాను."

జంగయ్య గడియారం చూసుకున్నాడు. "గంట సేపు కూసుంటే నాకు నడువదు మేడమ్. ఇంక నాలుగు ఇండ్లు తిరగాలె. కొత్తదాన్ని గీడ పక్కకు బిగించి పోత. పాతదాన్ని రేపొచ్చి కొంటవోత. ఫికర్ చెయ్యకుండ్రి."

ఎంతో తెలివైన ఏర్పాటుగా తోచింది అందరికీ. జంగయ్య పైపులు బిగించి వెళ్ళాడు. మూడో కోడలు మిగిలిన సగం ఏడ్చేసి, ఆ సాయంత్రమే వేరే షూటింగ్ ఉందని చెన్నై వెళ్ళిపోయింది. పది రోజుల దాకా రాదు. ఆ తర్వాత ఎడిటర్ ఫోన్ చేశాడు. కోడలు ఏడుస్తుంటే వెనకాల కొత్త పెళ్ళికొడుకులా ఏదో తళతళ మెరుస్తోందనీ, అది నిన్నటి షాట్లో లేదనీ.

మళ్ళీ తీయడానికి కోడలు లేదు. తీసింది పారేస్తే రేపటికి ఎపిసోడ్ లేదు. వేంకటరమణ రచయిత వెంకటాచలానికి కబురు పెట్టాడు. వెంకటాచలం ఎటువంటి చిక్కునైనా కథలో కలిపేసుకోగల మనిషి. పెద్ద కోడలి వేషం వేసే అమ్మాయికి కాలు విరిగితే కథలో కూడా మెట్ల మీంచి తోయించి, తోసిందెవరన్న ప్రశ్నతో నాలుగు నెలలు లాగాడు. ఆయన వరండాలోకి వచ్చి రెండు మెషిన్లనూ చూసి, గడ్డం గోక్కుని, అరగంటలో సీను రాసిచ్చాడు.

కథలో అత్తగారు శ్యామలాదేవి. కొత్త మెషిన్‌ని రాబోయే నాలుగో కోడలి కోసం కొంది. ఆ పిల్ల గడపలో కుడికాలు పెట్టేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని ఒట్టు పెట్టింది. ఉన్న ముగ్గురూ పాతదాంతోనే చావాలి. శుక్రవారం ఉదయం మెషిన్‌కి పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, శ్యామలాదేవి దాని నెత్తిన చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తుంటే, మూటతో మెట్లు దిగుతున్న కౌసల్య అక్కడే కూలబడింది.

"నాలుగో కోడలు ఎప్పుడొస్తుందండీ?"

"దసరాకి తెస్తామండీ," అన్నాడు వేంకటరమణ వినయంగా.

అప్పటికింకా ఉగాది పచ్చడి రుచి నాలిక మీద ఉంది. జంగయ్య వచ్చి, రెండు మెషిన్లలో ఏదీ కదిలే వీల్లేదని విని, "గిట్ల నా సర్వీసుల సూడలే," అనుకుంటూ వెళ్ళిపోయాడు. కౌసల్యకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పరబ్రహ్మం ఆవిడ ముఖం చూసి, మొదటిసారి భయపడి, తానే వెళ్ళి రచయితతో మాట్లాడి వస్తానని బయల్దేరాడు.

వెళ్ళిన పని చెప్పేలోపు వెంకటాచలం మర్యాదకి ఒక ప్రశ్న వేశాడు. "అన్ని మెషిన్లుండగా ఇదే ఎందుకు కొన్నారు సార్?"

నెల రోజులు తిరిగి కొన్నా ఆ మాట అడిగిన నాథుడు లేడు. పరబ్రహ్మం రెండున్నర గంటలు చెప్పాడు. వెంకటాచలం కళ్ళింత చేసుకుని విని, కాగితాలు నింపుకున్నాడు. వచ్చిన పనేమిటో పరబ్రహ్మానికి ఇంటికొచ్చి కౌసల్య తలుపు తీశాక గుర్తొచ్చింది.

మర్నాటి ఎపిసోడ్లో శ్యామలాదేవి వేలెత్తి గర్జించింది. "ఈ ఇంటికొచ్చిన కోడళ్ళు మూడు నెలలకే చప్పుడు మొదలుపెట్టారు! ఇది చూడండే! స్టీలు డ్రమ్ము! పదేళ్ళు తిప్పినా నోరెత్తదు!"

జనం విరగబడి చూశారు. రేటింగ్ లేచింది. వెంగళరావు నగర్ నుంచి ఆడవాళ్ళు ఆటో కట్టించుకు వచ్చి, ప్రహరీ మీంచి మెషిన్‌ని చూసి దండం పెట్టుకుని వెళ్ళారు. ఛానల్‌వాళ్ళు ఒట్టు ఘట్టాన్ని ఇంకా సాగదీయమన్నారు. నాలుగో కోడలు దసరా నుంచి కార్తీకమాసానికి జరిగింది.

పోనీ షూటింగ్ లేని ఆదివారాలు వాడుకుందామని కౌసల్య అంటే, బోరబండ నుంచి వచ్చే నీలమ్మ గుండె బాదుకుంది.

"వద్దమ్మా! గా శ్యామలాదేవి ఒట్టు పెట్టింది. ముట్టుకుంటే ఇంటికి కీడైతది."

"ఆవిడ సీరియల్లో అత్త నీలమ్మా. ఈ ఇంటి అత్తగారు పైన కూర్చుని పేపరు చదువుకుంటున్నారు."

"ఎవలు పెడితేంది అమ్మా? ఒట్టు ఒట్టే గదా!"

పైనుంచి అనసూయమ్మ కూడా కేకేసింది. "దాని మాటా వినవే కౌసల్యా! ఆ శ్యామలాదేవి అన్నంత పనీ చేసే మనిషి!"

సొంత అత్తగారి నోట ఆ మాట విన్నాక కౌసల్యకి తెగింపు వచ్చింది. నడుం వంగిపోతున్నది తనకి, మణికట్టు వాచింది తనకి. మధ్యలో ఈ పెద్దరికం చేసేవాళ్ళెవరు? ఆ శనివారం ఆవిడ చుట్టాలింట నిశ్చితార్థానికి వెళ్ళి పొద్దుపోయి వచ్చింది. ఆదివారం కాఫీ తాగడం ఆలస్యం, దుప్పట్ల మూట భుజానికెత్తుకుని కిందికి దిగింది.

రెండేళ్ళు సీరియల్‌వాళ్ళతో ఉన్న మనిషి కాబట్టి ముందు సెల్‌ఫోన్‌తో నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీసింది. దండలో ఎన్ని పూలు రాలాయో కూడా లెక్క చూసుకుంది. తర్వాత దండ తీసి, తలుపు తెరిచి, దుప్పట్లు, పంచెలు, బనీన్లు ఒకేసారి లోపలికి కుక్కింది. అడుగున ఏముందో చూసే ఓపిక ఆవిడకి లేదు. మీట నొక్కింది. నీళ్ళు జలజల దిగాయి. మెషిన్ మెత్తగా తిరగడం మొదలుపెట్టింది. పాతది తిరిగితే కిటికీ అద్దాలు వణికేవి. ఇది వరండాలో ఉన్నట్టే లేదు. కౌసల్య పీట వేసుకుని దాని ఎదురుగా గంటసేపు కూర్చుంది. పెళ్ళయిన కొత్తలో కూడా అంత సుఖంగా కూర్చున్న గుర్తు లేదు ఆవిడకి.

తలుపు తీసేసరికి బట్టలన్నీ తెల్లటి ముక్కలతో నిండి ఉన్నాయి. పరబ్రహ్మం బనీను గుండె మీద ఒక ముక్క అతుక్కుని ఉంది. దాని మీద "నా యావదాస్తిని" అన్న అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు.

గచ్చు తుడుస్తున్న నీలమ్మ చీపురు వదిలేసింది. "అమ్మో! వీలునామా! నిన్న షూటింగ్‌ల చెన్నై నుంచి తిరిగొచ్చిన మూడో కోడలు దాన్ని గండ్లనే దాచింది! ఒట్టు పెట్టిన మిషన్ ఎవలూ తెరువరని! నేను కండ్లార చూసిన!"

ఆ వీలునామాని క్లోజప్‌లో చూపించేశారట. దాని మీద మామగారి సంతకం, రెండు వేలిముద్రలు, ఒక కన్నీటి చుక్క ఉన్నాయట. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెత కౌసల్యకి అప్పుడు గుర్తొచ్చింది. పరబ్రహ్మం ముక్కల్ని గంజితో అతికించి ఇస్త్రీ చేశాడు. అతికినవి అతికాయి. మామగారి సంతకం మాడిపోయింది.

"ఏం చేద్దామండీ? కోపమొచ్చి అసలు వరండాకే తాళం వేసేస్తే?" అంది కౌసల్య. "మళ్ళీ చేత్తో ఉతకడం నా వల్ల కాదండీ. నిజంగా కాదు."

పరబ్రహ్మం ఈసారి మన్నిక గురించి మాట్లాడలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని మణికట్టు చూశాడు. ఆ వాపు ఎన్నాళ్ళుగా ఉందో తను గమనించలేదని ఆయనకి సిగ్గేసింది. "రేపు నేనూ వస్తాను. ఇద్దరం చెబుదాం," అన్నాడు.

సోమవారం ఎనిమిదింటికి వేంకటరమణ, వెంకటాచలం టిఫిన్ చేస్తుంటే కౌసల్య ఒక పళ్ళెంలో ముక్కలు, మరో చేత్తో బనీను పట్టుకుని వెళ్ళి నిలబడింది. వెనక పరబ్రహ్మం.

"తప్పు నాదే. ఒట్టు పెట్టింది మీ శ్యామలాదేవిగారు. నడుం నొప్పి మాత్రం నాది. నా ఇంట్లో నా మెషిన్ నేను వాడుకున్నాను. మీ వీలునామా ఉతికేశాను. ఏమంటారో అనండి."

వేంకటరమణ చేతిలోని ఇడ్లీ చట్నీలో పడిపోయింది. వెంకటాచలం లేచి బనీను అందుకుని అక్షరాలు చదివాడు. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఇది ఎందుకు ఉతికారు?"

"అడుగున ఉందని తెలీదు. బట్టలు ఉతికాను."

"అదే, బట్టలెందుకు ఉతికారు? అంత ఒట్టుండగా?"

"మాసిపోయాయి కాబట్టి!"

వెంకటాచలం డైరెక్టర్ వైపు తిరిగాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "విన్నారా సార్? మాసిపోయాయట! రెండేళ్ళుగా రాస్తున్నాను. ఇంత బలమైన కారణంతో ఇంతవరకూ మన కథలో ఎవరూ ఏ పనీ చేయలేదు!"

అరగంటలో సీను తయారైంది. ఒట్టు తప్పింది శ్యామలాదేవే. ఎవరూ చూడకుండా తన చీరలు ఉతుక్కోబోయి, కొడుకుల ఆస్తంతా పిప్పి చేసింది. ఆ పాపానికి ప్రాయశ్చిత్తంగా ఇక మీదట రోజూ ఇంటిల్లిపాది బట్టలూ ఆవిడే ఉతకాలి. ఎన్నాళ్ళు? ఛానల్‌వాళ్ళు చాలన్నదాకా.

"ఒక్కటే ఇబ్బందండీ," వేంకటరమణ చేతులు నలుపుకుంటూ కౌసల్య దగ్గరికి వచ్చాడు. "మా కాస్ట్యూములు ఉతికితే రంగు తేడా వచ్చి కంటిన్యూటీ పోతుంది. రోజూ ఓ మూట మీ ఇంటి బట్టలు ఇప్పించగలరా?"

కౌసల్యకి విన్నది నిజమో కాదో అర్థం కాలేదు. రొట్టె విరిగి నేతిలో పడడమంటే ఇదేనేమో. అయినా తొణక్కుండా అడిగింది. "ఆరేస్తారా?"

"ఏడుస్తూ ఆరేస్తుందండీ."

"మడత?"

"క్లోజప్‌లో పెడుతుంది."

ఆ రోజు నుంచీ ఉదయం తొమ్మిదింటికి మూట కిందికి వెళుతుంది, సాయంత్రం ఐదింటికి ఇస్త్రీ పెట్టెతో పనిలేనంత చక్కగా మడతపడి పైకి వస్తుంది. పరబ్రహ్మం పంచెల్ని శ్యామలాదేవి పళ్ళు నూరుకుంటూ దులిపి ఆరేయడాన్ని రాష్ట్రమంతా చూస్తోంది. అనసూయమ్మ టీవీ ముందు కూర్చుని, తన చీర అంచు సరిగ్గా పడిందో లేదో చూసుకుంటుంది. కౌసల్య మాత్రం సీరియల్ చూడదు. ఆ సమయానికి ఆవిడ పైన కాళ్ళు చాపుకుని వేడివేడి కాఫీ తాగుతుంటుంది.

అప్పుడప్పుడూ ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. కథలో వాన కురిసిన రోజు బట్టలు ఆరవు.