నవాబుగారి ఈత

ఆదివారం పొద్దున్నే సుగుణ తలంటుకుని, ఆకుపచ్చ గద్వాల చీర తీసి మంచం మీద పెట్టుకుంది. మానుకోటలో చెల్లెలు శకుంతల కొడుకును ఆ రోజు ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ. పది గంటల బస్సుకు పోవాలి. పెళ్లయినప్పటి నుంచి చెల్లెలి ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా సుగుణ ఒక్కతే పోయింది. దామోదర్‌కు ఒకసారి నాట్లు, ఒకసారి కోతలు, ఏమీ లేనప్పుడు ఉత్త బద్ధకం. "బావ రాలేదా అక్కా?" అని శకుంతల గడపలోనే అడిగేది. ఆ గొంతులో జాలి ఉండేది. తనకన్నా చిన్నది తన మీద జాలిపడటం సుగుణకు అన్నం సహించనిచ్చేది కాదు. ఈసారి మాత్రం దామోదర్ తప్పక వస్తానని మాట ఇచ్చాడు.

ఇచ్చిన మాటకు అడ్డం పడింది నవాబు.

నవాబు అంటే కుక్క. గూడూరులో పనిచేసిన రేంజరు బదిలీ మీద పోతూ దాన్ని దామోదర్‌కు ఇచ్చి పోయాడు. నిండు వడ్ల బస్తాను అడ్డంగా పడుకోబెట్టి కింద జానెడు కాళ్లు అతికించినట్టు ఉండేది. చెవులు వాకిలి ఊడ్చేవి. మొదటి రోజు దాన్ని చూసిన ఊరకుక్కలు మొరగాలో వద్దో తేల్చుకోలేకపోయాయి. దామోదర్‌కు మాత్రం అదే లోకం. పాల మీది మీగడ దానికి, కూరలో మెత్తటి ముక్క దానికి. ఎండకాలంలో సుగుణ జ్వరంతో మంచం పడితే "గోళీ ఏసుకున్నవా?" అని వాకిట్లో నుంచే అడిగిన మనిషి, నవాబు ఒక్కసారి తుమ్మితే దాన్ని బస్సెక్కించి మానుకోట పశువుల దవాఖానకు తీసుకుపోయాడు. ఆ తుమ్మును సుగుణ ఇంకా మరిచిపోలేదు.

వారం కింద ఆ నవాబు నీళ్లు తాగబోయి పశువుల హౌజులో పడింది. పడిన కుక్క కాళ్లు కొట్టుకుంటూ తేలాలి కదా! ఇది సన్నెకల్లులా నేరుగా అడుక్కి పోయింది. దామోదర్ మొల లోతు నీళ్లలో దిగి తీశాడు. అప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు.

"వానకాలం వస్తాంది. వాగు పొంగిందనుకో, వీనికి ఈత రాకపోతే ఎట్లనే?" అన్నాడు ఆ పొద్దున చాయ్ తాగుతూ.

"కుక్కలకు ఈత ఎవలన్న నేర్పుతరా? పుట్టుకతోనే వస్తది."

"అన్నిటికి వస్తది. వీని కాళ్లు సూడు, జానెడు. ఒళ్లు సూడు, మణుగు. ఎంత కొట్టుకున్నా ఆ కాళ్లు ఈ బరువును లేపయి."

"అయితే నీళ్ల దిక్కు పోనియ్యకు."

"గంటల నేర్పుకొని వస్త. నువ్వు తయారై ఉండు."

"పది గంటల బస్సయ్యా!"

"అరే, వస్త అంటున్న గదనే!"

సుగుణ వంటింట్లోకి పోయి గిన్నెల మీద కోపం చూపించింది. ఆ చప్పుడులో దామోదర్ చేస్తున్న పనులు ఆమెకు వినపడలేదు. ఊళ్లో పిల్లలకు ఈత నేర్పేటప్పుడు ఎండు సొర బుర్రలు నడుముకు కడతారు. సుగుణ విత్తనాలు దాచుకున్న రెండు పెద్ద బుర్రలు దూలానికి వేలాడుతున్నాయి. దామోదర్ వాటిలోని బీర గింజలు, చిక్కుడు గింజలు ఒకే చాటలో గుమ్మరించాడు. తాడు దొరికింది. ఉత్త తాడు కడితే నవాబు కడుపు ఒరుసుకుపోదూ? మెత్తటి గుడ్డ కావాలి. మంచం మీద ఒకటి కనిపించింది.

సుగుణ చెయ్యి తుడుచుకుని గదిలోకి వచ్చేసరికి మంచం ఖాళీ. వీధిలోకి పరుగెత్తి చూసింది. దామోదర్ మలుపు తిరుగుతున్నాడు. ఆయన చేతుల మీద, కొత్త పెళ్లికూతురిలా, గద్వాల చీర చుట్టుకుని నవాబు పడుకుని ఉంది. పెళ్లి అయిన కొత్తలో కూడా ఆయన తనను అట్లా ఎత్తుకోలేదు. సుగుణకు చీర పోయినందుకు ఎంత ఏడుపు వచ్చిందో, ఆ ఎత్తుకున్న తీరుకు అంతకు రెండింతలు వచ్చింది. తల ఆరకపోవడంతో వెంట్రుకలు విరబోసుకునే ఆయన వెనక నడిచింది.

ఇంటి ముందు బియ్యం చెరుగుతున్న సాలమ్మ తల ఎత్తి చూసింది. ముందు మగమనిషి, భుజానికి తాడు, తాడుకు కుండల్లాంటివి వేలాడుతున్నాయి. చేతుల మీద కొత్త చీర కప్పిన నవాబు, కదలదు, మెదలదు. వెనక జుట్టు విరబోసుకుని ఏడుస్తూ ఇల్లాలు. ఊళ్లో ఎన్ని చావులకు పోయిందో సాలమ్మకే తెలుసు. ఆమెకు ఇంకొకరు చెప్పవలసిన పని లేదు. చాట పక్కన పెట్టి వచ్చి సుగుణను పట్టుకుంది.

"ఏడ్వు బిడ్డా, ఏడ్వు. కడుపుల పెట్టుకోకు."

ఇన్నాళ్లకు తన బాధ ఒకరికి అర్థమైందని సుగుణ నిజంగానే ఘొల్లుమంది. "నాకు ఇంట్ల ఎవలున్నరు అవ్వా! దినాం మీగడంత దానికే పాయె!"

"అయ్యో, ఎంత ప్రేమగ పెంచుకుంటివి!" అని సాలమ్మ రాగం ఎత్తుకుంది. "పాలు తాగిన నోరు మూసుకుంటివా ఓ నవాబూ... మీగడ తిన్న నాలుక ఎండబెట్టుకుంటివా ఓ కొడుకా..."

ఆ శోకం విని సైకిల్ దుకాణం ఎల్లస్వామి పార భుజాన వేసుకుని వెంట నడిచాడు. అతని వెనక దుకాణానికి బేరానికి వచ్చినవాళ్లు నడిచారు. ఊరి చివర మెట్ల బావి దగ్గరికి వచ్చేసరికి వెనక సగం వీధి ఉంది.

దామోదర్ వెనక్కి తిరిగి చూసి నోరు తెరిచాడు. "ఏందే ఇది? ఇంతమంది ఎందుకొచ్చిండ్రు?"

"బొంద ఏడ తవ్వాలె అన్నా?" అని ఎల్లస్వామి మెల్లగా అడిగాడు.

అప్పుడు నవాబు తుమ్మింది.

సాలమ్మ రాగం మధ్యలో తెగిపోయింది. నవాబుకు ఈత నేర్పడానికి తెచ్చానని దామోదర్ చెప్పాడు. సంగతి తెలిశాక కూడా ఎవరూ ఇంటికి పోలేదు. "ఇంత దూరం వచ్చినం, ఈతన్న సూసి పోదాం" అన్నారు, మెట్ల మీద చోటు చూసుకుంటూ.

ఒక్కగానొక్క కొడుకని దామోదర్‌ను తల్లి చిన్నప్పుడు బావి గట్టు కూడా ఎక్కనియ్యలేదు. ఈత రాదు. ఆ సంగతి పెళ్లానికి కూడా ఇన్నేళ్లూ చెప్పలేదు. మెట్టు మీద కూర్చుని పని కానిద్దామనుకున్నాడు గానీ, ఇప్పుడు సగం వీధి చూస్తోంది.

బుర్రలు నవాబు కడుపు కింద కట్టాడు.

"పిల్లలకు ఈపు మీద కడుతరు గదన్నా?" అన్నాడు ఎల్లస్వామి.

"పిల్లలకు ఇంత కడుపుంటదారా? బరువు ఏడుంటే బుర్ర ఆడుండాలె!"

అందరికీ న్యాయంగానే తోచింది. నవాబుకు కూడా తోచిందేమో, కిక్కురుమనలేదు. నీళ్లలో వదలగానే అది గిర్రున తిరిగింది. బుర్రలు పైకి వచ్చాయి. నాలుగు పొట్టి కాళ్లు ఆకాశం వైపు లేచి, గాలిలో ఈదసాగాయి. ముక్కు మాత్రం కనిపించలేదు.

"నవాబూ!" అని దామోదర్ వంగాడు. పాకుడు పట్టిన మెట్టు ఆయనను కూడా పంపించింది.

ఆయన మునిగి, తేలి, మళ్లీ మునిగాడు. "అన్న డుబ్కీ కొట్టి కుక్కను కిందికెల్లి లేపుతాండు!" అని ఎల్లస్వామి మెచ్చుకున్నాడు.

"లేపుడు కాదురా, మునుగుతాండు!" అని సాలమ్మ కేక పెట్టింది.

పుట్టిల్లు టేకుమట్లలో మోట బావుల్లో దూకి పెరిగిన సుగుణ కొంగు బిగించి దూకింది. ముందు చేతికి అందింది తన చీరే. దాన్ని పట్టి లాగి, నవాబును తిరగేసి, ముక్కు పైకి ఎత్తి మెట్టు మీదికి తోసింది. అది మెట్టు మీద చతికిలపడి దగ్గింది. తర్వాత వెనక్కి ఈది మొగుడి జుట్టు పట్టుకుని పైకి లేపింది.

దామోదర్ నోటి నుంచి ముందు నీళ్లు వచ్చాయి. తర్వాత మాట వచ్చింది. "నవాబు... నవాబు ఏడి?"

సుగుణ జుట్టు వదిలేసింది. ఆయన బుడుంగుమన్నాడు. మెట్ల మీద ఆడవాళ్లెవరూ అయ్యో అనలేదు. ఒక గుక్క నీళ్లు తాగనిచ్చి సుగుణ మళ్లీ లేపింది.

"సుగుణా!" అన్నాడు.

"ఆఁ. గట్ల పిలువు. మానుకోటకు వస్తవా, రావా?"

"వస్త! నీ పుణ్యముంటది, ఏ బస్సంటే ఆ బస్సుకు వస్త!"

పది గంటల బస్సు పోయింది. తర్వాతి బస్సుకు సుగుణ పాత నూలు చీర కట్టుకుని బయలుదేరింది. మొగుడు పక్కన కూర్చుంటే చాలు, చీరదేముంది అనుకుంది. అయితే ఇంట్లో కట్టేసిన నవాబు తాడు తెంపుకుని వచ్చి ఆమె కాళ్లకు చుట్టుకుంది. తనను నీళ్లలో పడేసింది ఎవరో, తీసింది ఎవరో దానికి బాగా తెలుసు. దామోదర్ దగ్గరికి రాబోతే పళ్లు బయటపెట్టింది.

కండక్టర్‌ను బతిమాలి కుక్కను కూడా ఎక్కించారు. అది సుగుణ పక్క సీటులో బస్తాలా పరుచుకుంది. దామోదర్ కూర్చోబోయాడు. గుర్రుమంది. ఆయన మానుకోట దాకా కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాడు.

"రెండు నెలల సంది మీగడ పెట్టింది నేను" అన్నాడు దారిలో, ఎవరితోనో అన్నట్టు. సుగుణ నవాబు చెవులు కొంగుతో తుడుస్తోంది. ఆయన అటే చూశాడు. "నా తల కూడ ఇంక ఆరలే."

"తువ్వాల సంచిల ఉన్నది, తీసుకో" అంది సుగుణ, చెవి మీది నుంచి చూపు తిప్పకుండా.

తొట్టెల ఇంట్లో శకుంతల ఎదురొచ్చి, అక్క వెనక బావను చూసి, అడగబోయిన మాట మింగేసింది. సుగుణకు ఆ మౌనం పాయసం కన్నా రుచిగా ఉంది. ఇంత అరుదుగా దొరికిన జంటను వదలకూడదని శకుంతల మొగుడు స్టూడియో నుంచి పిలిపించిన ఫోటోగ్రాఫర్ ముందు ఇద్దరినీ కూర్చోబెట్టాడు. "అన్నా, జర వదిన దిక్కు జరుగు" అన్నాడు. దామోదర్ జరిగాడు. సుగుణ ఒడిలోంచి నవాబు గుర్రుమని లేచింది. అదే సమయానికి ఫోటోగ్రాఫర్ బటన్ నొక్కాడు.

ఫోటో చాలా బాగా వచ్చింది. దామోదర్ మోచేయి కూడా పడింది.